పొరతో సహా

ఆసుపత్రిలో ఆ సర్జన్‌ని అందరూ నిదానమ్మ అనే పిలుస్తారు. మొహం మీదే. ఆవిడకి కోపం రాదు సరికదా, బిరుదిచ్చినట్టు మురిసిపోతుంది.

బస్సు డ్రైవరక్కకి మాత్రం ఆ నిదానం చూస్తే ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! క్యాన్సర్‌కి రొమ్ము తీసేసి, ఆ చోట స్పాంజిలాంటి ఫోమ్ పూత ఉన్న సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారు. కొన్ని నెలలకే అది పక్కకి జరిగి, చంక కింద ఒత్తుకుంటూ స్టీరింగు తిప్పనివ్వలేదు. వెంటనే మార్చమని పట్టుబట్టింది. నిదానమ్మ ససేమిరా అంది.

"తొలి రోజుల్లో అయితే ఇట్టే వచ్చేసేదమ్మా. ఇప్పుడు కండ ఫోమ్‌లోకి అల్లుకుపోయింది. లాగితే పైచర్మం చిరుగుతుంది. అప్పుడు వీపు కండ తెచ్చి అతకాలి. ఆ తర్వాత అంత పెద్ద స్టీరింగు నీ చేతికి లొంగుతుందని నేను మాటివ్వలేను. ఫోమ్ అరగనీ, దాని చుట్టూ ఒళ్లు కట్టుకునే పొర గట్టిపడనీ. పొరతో సహా తీస్తా."

బస్సు నడపలేక డిపోలో కుర్చీకి అతుక్కుపోయిన డ్రైవరక్క ఏడాది పైగా ఆవిణ్ణి తిట్టుకోని రోజు లేదు.

ఎట్టకేలకి ఆపరేషన్ మొదలైంది. పొర కోసి ఇంప్లాంట్ లాగేస్తే పని చిటికెలో అయిపోతుందనీ, ఆలస్యం అమృతం విషం అనీ మత్తు డాక్టరు నస మొదలెట్టాడు.

"అమృతం నువ్వు తాగు. పొర నాకొదిలెయ్."

పొర కోస్తే లోపలి ఫోమ్ తుక్కుతుక్కుగా కండకంటుతుంది. అందుకే ఆవిడ పొర బయటి వైపు నుంచే కత్తెరతో, తడిగుడ్డ చుట్టిన వేలితో కొంచెం కొంచెంగా విడదీసుకుంటూ పోయింది. చంక దగ్గర చర్మం ఉల్లిపొరలా పలచబడి ఉంది. అక్కడ చెయ్యి ఆపి, రెండో వైపు నుంచి చుట్టుకొచ్చింది. మత్తు డాక్టరు కూడా మెడ చాచి చూశాడు. ఇంప్లాంటూ పొరా కలిసి ఒకే ముద్దగా ఊడి వచ్చాయి. చర్మానికి చిల్లు లేదు. కొత్తది దాని చోటులో కుదురుగా కూర్చుంది.

కొన్నాళ్లకి, ఇంటికి వెళ్తూ నిదానమ్మ ఎక్కిన బస్సు డ్రైవరక్కదే. ఇరుకు మలుపులో డ్రైవరక్క రెండు చేతులూ బారుగా చాచి స్టీరింగు గిర్రున తిప్పింది. పక్కనున్న ముసలాయన భలే తిప్పిందన్నాడు. అది నా చేతిపనే అని చెప్పాలని నిదానమ్మకి నాలుక దురద పెట్టింది. కానీ పేషెంటు సంగతి నలుగురిలో ఎలా చెప్పడం? గర్వమంతా దిగమింగి కూర్చుంది.

స్టాపులో బస్సు ఆపి డ్రైవరక్క వెనక్కి తిరిగింది.

"నా చేతికి మళ్లీ ఈ స్టీరింగు ఇచ్చిన డాక్టరమ్మ ఈవిడే. అందరూ చూడండి."

బస్సంతా తిరిగి చూసింది. అది తను దిగాల్సిన స్టాపే అయినా, ఇంకాసేపు చూడనీ అని నిదానమ్మ సీట్లోంచి లేవలేదు.