గంగులప్ప అయివారి వీపు

మా డ్రిల్లు అయివారు గంగులప్ప హాకీ ఆట చూడరు. నేర్పుతారు, జట్టు కడతారు, పగిలిన కర్రకు తాడు బిగించి ఇస్తారు. అంపైరు ఈల వేయగానే మాత్రం మైదానానికి వీపు తిప్పి నిలబడతారు. ఆట ముగిసేదాకా మాకు కనబడేది ఆ ఖాకీ చొక్కా, దాని మీద పెరిగే చెమట మరక. మరక నడుముదాకా దిగిందంటే మేం ఓడిపోతున్నట్టు.

వీపు తిప్పినా నోరు ఊరుకోదు. అరుపు వినబడినప్పుడల్లా పక్కనున్న వాళ్లను పట్టుకుంటారు. "ఏమైందప్పా? ఎవరు కొట్టినారు? జెప్పొద్దు, జెప్పొద్దు. సరే, జెప్పు!"

అది రెండో ప్రపంచ యుద్ధకాలం. చంద్రగిరి దగ్గర మా హైస్కూలుతో కలిపి ఆరు బళ్ల జట్లు ఆ ఏడు జిల్లా లీగు ఆడాయి. మొదటి ఆట పుత్తూరులో. అయివారు అలవాటు ప్రకారం వీపు తిప్పారు. ఎదురుగా బావి, బావి దగ్గర ఆడవాళ్లు. నాగులమ్మ అనే ఆవిడ కాసేపు ఓర్చుకుని, బిందె దించి వచ్చింది.

"ఏమయ్యా, ఆట ఆపక్క ఉండాది. మమ్మల్ని సూస్తా నిలబడినావేంది?"

"మిమ్మల్ని సూడటం లేదు తల్లీ. ఆటను సూడకుండా ఉండా."

"ఎందుకు సూడవు?"

"భయం తల్లీ."

ఆవిడకు జాలేసింది. నీళ్లు తోడటం మాని, ఆట ముగిసేదాకా ఆయనకు ఆట చెప్పింది. "నీ పిలకాయలు ఉరకతా ఉండారు. ఒకడు పడినాడు. లేసినాడు. మళ్లా వాడే పడినాడు." మేం రెండు గోల్సుతో గెలిచాం. అయివారు మాకంటే ముందు ఆవిడకు దండం పెట్టారు.

ఆయన భార్య వరదమ్మ గారు ఈ సంగతి విని, "పాలు పొంగుతా ఉన్నా వీపు తిప్పే మనిషి. తాళి కట్టేటప్పుడు ఎట్ల సూసినాడో ఏమో!" అన్నారు.

"అప్పుడూ సూడలేదు. సూసుంటే ఈ మాటలు పడతానా?" అన్నారు అయివారు, వీపు తిప్పుకునే.

మేం మూడు ఆటలు గెలిచి, ఒకటి సమానం చేశాం. మిగిలింది చిత్తూరు. అక్కడ ఓడకుండా ఉంటే చాలు, కప్పు మాది. బడి పుట్టాక కప్పు రాలేదు. కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు కృష్ణమూర్తి గారికి అది ఎలాగైనా కావాలి. శుక్రవారం ప్రార్థన కాగానే చెప్పేశారు.

"బయటూరి ఆటగాళ్లకు హాస్టల్లో సీట్లిచ్చింది ఊరికే కాదు. చిత్తూరులో ఓడితే, ఎవరి తప్పువల్ల ఓడామో డ్రిల్లు మాస్టరు రాసివ్వాలి. వాడి సీటు ఇంకొకరికి పోతుంది."

అలాంటి సీటు నాదీ ఒకటి. మాది నగరి, నేతపని. నన్ను బడికి పంపేటప్పుడే నాయన తేల్చి చెప్పాడు. "సీటు ఉన్నన్నాళ్లు సదువుకో. పోయిందా, ఎవరినీ అడగొద్దు. నేరుగా వచ్చి మగ్గం గుంటలో కూచో."

ఆ గుంటే నాకు పెద్ద చిక్కు. ఎనిమిదో ఏటి నుంచి మగ్గం తొక్కిన కాళ్లు నావి. ఏదైనా ముందుకు వస్తే చేతికంటే ముందు కాలు దిగుతుంది. హాకీలో బంతికి కాలు అడ్డం పెడితే తప్పు. "కాలు గాదురా దామోదరం, కర్ర! మగ్గం ఇంటికాడ పెట్టి రా!" అని అయివారు సీజనంతా అరిచారు. ఆట సోమవారం. ఆ మూడు రోజులూ నాకు అన్నం దిగలేదు. నిద్రలో కూడా కాళ్లు తొక్కుతున్నాయని పక్కచాపవాడు లేచి తిట్టాడు.

చిత్తూరులో చివరి ఐదు నిమిషాల దాకా ఎవరికీ గోలు లేదు. అయివారి చెమట మరక మాత్రం నడుముదాకా దిగింది. అప్పుడు మా గోలు ముందు పదిమంది గుమిగూడారు. కర్రలు, కాళ్లు, దుమ్ము. ఆ దుమ్ములోంచి బంతి నామీదికి దూకింది. నా కాలు దాన్ని తొక్కేసింది.

ఈల. చిత్తూరు వాళ్లకు పెనాల్టీ కార్నరు. గోలు.

గోలు కాసే ఎల్లప్ప నావైపు చూశాడు. నేను నేల చూశాను. కాలు ఎవరిదో ఆ గుంపులో తక్కినవాళ్లు కనిపెట్టలేదు. అంపైరు కూడా కాగితంలో 'కాలు తగిలినది' అని మాత్రమే రాశాడు.

ఆ ఒక్క గోలుతో ఓడాం. ఆట ముగిశాక అయివారు ఇటు తిరిగి మామూలుగా అడిగారు. "ఏమైందప్పా?" అందరం కర్రలు సర్దుకున్నాం. తిరుగు ప్రయాణంలో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు ఎత్తు ఎక్కలేక ఆగితే అందరం దిగి తోశాం. అందరికంటే గట్టిగా తోసింది నేనే. ఆ బస్సు బడి చేరకూడదని కోరుకున్నదీ నేనే.

మరునాడు జట్టునంతా హెడ్మాస్టరు గది బయట నిలబెట్టారు. కిటికీలోంచి మాటలన్నీ వినబడుతున్నాయి.

"కాలు ఎవరిది గంగులప్పా?"

"నా వీపు అటుండె సార్."

"నువ్వు జట్టుకు మాస్టరువి!"

"ఔ సార్."

"గంటకు పైగా ఆట జరిగితే నువ్వు చూసిందేమిటి?"

"ఎదురుగా చింతచెట్టు సార్. దాంట్లో తేనెపట్టుండాది. పెద్దదే."

బయట ఎవడో నవ్వాపుకోలేక దగ్గాడు. హెడ్మాస్టరు బల్ల గుద్దారు. "అదే రాసి సంతకం పెట్టు. ఉపాధ్యాయుల గదిలో అంటిస్తాను. అందరూ చదవనీ."

"పెడతా సార్."

'ఆట జరుగునప్పుడు నా వీపు మైదానము వైపు ఉండెను' అన్న కాగితం వారం రోజులు గోడ మీద ఉంది. లెక్కల అయివారు, తెలుగు అయివారు, ఆఖరుకు గంట కొట్టే మునస్వామి కూడా గంగులప్ప అయివారు ఎదురైతే వీపు తిప్పి నమస్కారం పెట్టేవాళ్లు. పేరు రాసిచ్చేవాళ్లు లేక ఎవరి సీటూ పోలేదు. నాకు అన్నం మాత్రం ఇంకా దిగలేదు.

శనివారం సాయంత్రం సామాన్ల కొట్టుకు వెళ్లాను. అయివారు కర్రలకు నూనె రాస్తున్నారు.

"అయ్యోరా, ఆ కాలు..."

"గమ్మున ఉండు. నాకు జెప్పొద్దు. జెబితే నాకు తెలిసిపోతాది. తెలిసినోడు రాసియ్యాల."

"మీరు నావల్ల మాటపడినారు అయ్యోరా. బంతి మీదికొచ్చింది, నా కుడికాలు..."

"కుడికాలు యాడిదిరా? ఎడంకాలు గదా!"

నూనెగుడ్డ ఆగిపోయింది. ఆలోచిస్తే నిజమే, ఎడమకాలే.

"మీ వీపు ఇటుండె గదా అయ్యోరా?"

"వీపు ఉండె. అదే గదా రాసిచ్చినా. మెడ సంగతి ఎవరన్నా అడిగినారా?"

ఆయన ఇంకో కర్ర అందుకున్నారు.

"తప్పు జేసినోడు ముందు ఎవరి మొగం సూస్తాడు? నా మొగమే గదా. భయపడే మొగం అబ్బా నాది, ఏం దాస్తాను? అందుకే మీకు వీపిచ్చినా." కర్రను గోడకు ఆనించారు. "సోమవారం తెల్లారేసరికి రా. ఎడంకాలికి పని ఉండాది. పోతా పోతా ఎల్లప్పకు గూడా జెప్పు. గోలు పొయ్యేటప్పుడు వాడు కండ్లు మూసుకోనుండాడు."

నేను గడప దాటుతుంటే వెనకనుంచి కేకేశారు.

"రేయ్! నేను సూసినానని మాత్రం జెప్పొద్దు!"