నాలుగు గుండ్రాలూ నింపిన పిల్ల

ఈ సంగతి జరిగినప్పుడే రాసిపెట్టుకోవాలనిపించింది. రాయలేకపోయాను. అప్పటికి నాకు చదవడం వచ్చింది గానీ రాయడం చేతికి రాలేదు. చదవడానికి కళ్ళు చాలు, రాయడానికి వేళ్ళు మాట వినాలి. నా వేళ్ళు ఎనిమిదో ఏటి నుంచీ బోధన్ చుట్టుపక్కల చెరుకు చేలల్లో కొడవలి పట్టినవి, ఆ తర్వాత బడి వంటగదిలో అన్నం వండే పెద్ద గంజులు ఎత్తినవి. పెన్సిలు పట్టుకుంటే ములుకు విరిగేది. ఒక పేరు రాసేసరికి మెడ పట్టేసేది. ఇంత పొడుగు రాయడానికి మరో రెండేళ్ళు పట్టింది.

మా ఊరి ప్రాథమిక బడిలో మధ్యాహ్నం భోజనం వండేది నేను. పిల్లలు తిన్నాక గంజులు తోమి, నడుము నొప్పికి ఒకటో తరగతి వెనక గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. అట్లా కూర్చుని కూర్చునే అక్షరాలు వచ్చాయి. నేర్పుతామని ఎవరూ అనలేదు, లేచిపొమ్మనీ అనలేదు. నా మనవరాలు అదే బడిలో మూడో తరగతి. దాని తల్లి నిజామాబాద్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తుంది, పిల్ల నా దగ్గర ఉంటుంది.

ఆ చలికాలం మూడో తరగతికి సర్కారు పరీక్ష వచ్చింది. అన్ని బళ్ళకూ ఒకటే పేపరు. జవాబు రాసే పని లేదు. ఒక్కో ప్రశ్నకు నాలుగు గుండ్రాలుంటాయి, సరైన జవాబు ఉన్న ఒక్క గుండ్రాన్ని పెన్నుతో నల్లగా నింపాలి. కాగితాన్ని మిషను దిద్దుతుందట. అంతకు ముందుసారి మా బడి మండలంలో అన్నిటికన్నా కింద నిలిచిందని మా హెడ్‌మాస్టరు, మూడో తరగతికి పాఠాలు కూడా చెప్పే పెద్ద మేడంను మీటింగులో నిలబెట్టి అడిగారు. ఆ మాట ఆమె వంటగదిలో పప్పు రుచి చూస్తూ నాతో చెప్పింది. చెప్పి, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడం మరిచిపోయింది.

నెల రోజులు బడిలో వేరే పని లేదు. పిల్లలు అన్నానికి వస్తే వేళ్ళ నిండా సిరా. "మేడం, ఇయ్యాల గూడ గుండ్రాలేనా?" అని అడిగేవాళ్ళు. మేడం కాగితాలు పంచేది.

ఒక సాయంత్రం మనవరాలు అట్లాంటి కాగితం ఒకటి ఇంటికి తెచ్చి గడప మీద కూర్చుని నింపుతోంది. చూస్తే వరసకు ఒకటే నల్లగా ఉంది, మూడు ఖాళీ. కాగితాల సంగతి నాకు తెలిసింది ఒక్కటే. రేషన్ కార్డు దరఖాస్తులో గళ్ళు ఖాళీగా ఉన్నాయని మండల ఆఫీసులో నన్ను రెండుసార్లు వెనక్కి పంపారు.

"గట్ల ఖాళీ ఇడిసిపెడితె వాపస్ పంపుతరే. అన్నీ నింపు. గీత దాటకుండ నింపు."

"మేడం ఒక్కటే అన్నది అవ్వా."

"మీ మేడం మరిచిపోయి అని ఉంటది. నేను ఆఫీసులు సూసినదాన్ని."

పిల్ల నా మాట నమ్మింది.

పరీక్షకు ముందు రోజు, గంజులు తోమి చేతులు తుడుచుకుంటుంటే పెద్ద మేడం ఒక చిట్టీ తెచ్చింది.

"అక్కా, జర ఒక పని చేస్తవా? గీ పిల్లల ఇండ్లకు పోయి, రేపు ఒక్క రోజు పంపకుండ్రి అని చెప్పి రా. వీళ్ళు కూసుంటే మళ్ళ మొత్తం బడి కిందికి పోతది."

అలవాటు కొద్దీ ఆమే పేర్లు చదవబోయింది. నేను చదువుకుంటానన్నాను. నా అంతట నేను చదివిన మొదటి పేర్ల చిట్టీ అది. మూడు పేర్లు. ఒకటి బీడీలు చేసే ఆమె బిడ్డ. రెండోది మహారాష్ట్ర నుంచి చెరుకు కోతకు వచ్చినవాళ్ళ పిల్ల. మూడోది కూడబలుక్కుని చదివాను. తప్పు చదివానేమోనని మళ్ళీ చదివాను.

"ఇది నా మనవరాలు గదా మేడం. దానికి సదువుడొస్తది."

"వస్తది. గని దాని పేపరు సూడు."

ప్రతి ప్రశ్నకూ నాలుగు గుండ్రాలూ నిండి ఉన్నాయి. ఒక్కటీ గీత దాటలేదు. ఎంత సేపు వంగి కూర్చుని నింపిందో. "మిషను గిందుల ఒక్కటి గూడ లెక్కకు పట్టది," అంది మేడం.

"గది నేను చెప్పిన మేడం," అని జరిగింది చెప్పాను.

ఆమె నవ్వబోయి, నుదురు పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. "నన్నొక మాట అడగొద్దా అక్కా." పెన్ను తీసి మూడో పేరు కొట్టేసింది. "నీ పిల్లను తీస్కరా. మిగిలిన ఇద్దరికి చెప్పు. బతిమిలాడుతున్న."

నాకు అప్పుడు ఊపిరి ఆడిన మాట నిజం. మిగిలిన రెండు పేర్లూ పట్టుకుని బయల్దేరిన మాట కూడా నిజం.

బీడీలు చేసే ఆమె గడపలో కూర్చుని తునికాకు కత్తిరిస్తోంది. "ఏందక్కా గిట్లొచ్చినవ్? బడిల అన్నం మిగిలిందా ఏంది?" అని నవ్వింది. సంగతి చెప్పాను. కత్తెర ఆగింది.

"పిల్లకు జరమొచ్చిందంటె గూడ పంపు పంపు అని పానం తీస్తిరి. ఇప్పుడు మీరే వద్దంటున్నరా?"

"ఒక్క రోజే."

"నీ మనవరాలు పోతదా?"

"పోతది."

"ఆహా," అంది. మళ్ళీ కత్తెర ఆడింది. ఇక నా వైపు చూడలేదు.

చెరుకు కోతవాళ్ళ గుడిసెలు ఊరి చివర ఉన్నాయి. ఆ పిల్ల తల్లికి తెలుగు రాదు. నేను చెప్పింది ఆమెకు అందలేదు. పిల్లే నీళ్ళ బకెట్ కింద పెట్టి, తనను రేపు బడికి రావద్దన్నారని తల్లికి మరాఠీలో చెప్పింది. తల్లి ఏదో అడిగింది. పిల్ల నా వైపు తిరిగింది.

"రేపు బువ్వ పెడతరా అని అడుగుతుంది మా అమ్మ."

"పెడతం."

"మరి బడికి రావద్దు, బువ్వకు రావాల్నా?"

వెటకారం లేదు ఆ అడగడంలో. తల్లికి చెప్పాలి కనుక అడిగింది. నేను వచ్చిన దారినే వెనక్కి నడిచాను.

ఇంట్లో మనవరాలికి ఒక్కటే నింపాలని చెప్పాను. "నీకు తెల్వక చెప్పినవా అవ్వా?" అంది. "తెల్వకనే," అన్నాను. అది నవ్వి ఉంటే బాగుండేది. తలూపి కాగితం తీసుకుంది. నేను పక్కన కూర్చుని, చదువు రాని పిల్లలెవరో తేల్చే చిట్టీలో నా చిన్నప్పుడు ఎవరి పేరుండేదో ఆలోచించాను. అసలు బడి మొహం చూడని నాకు చిట్టీలో చోటు కూడా ఉండేది కాదు.

మర్నాడు పొద్దున మనవరాలికి జడ వేసి, దాన్ని వెంటబెట్టుకుని, బడి దారి వదిలి మొదట బీడీలు చేసే ఆమె ఇంటికి పోయాను. తాళం ఉంది. బడి లేదు కదా అని పిల్లను తీసుకుని బోధన్ పోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు. అక్కడి నుంచి గుడిసెల దగ్గరికి నడిచాను. పెద్దవాళ్ళు అప్పటికే కోతకు పోయారు. పిల్ల చంటి చెల్లెను ఎత్తుకుని నిలబడి ఉంది.

"పా బిడ్డా, పరీక్షకు."

"చెల్లె?"

"నా దగ్గరుంటది, తే."

బడి గేటు దగ్గర పెద్ద మేడం మొదట ఆ పిల్లను చూసింది, తర్వాత నన్ను చూసింది. లోపల పరీక్ష పెట్టడానికి వచ్చిన సారు కాగితాల కట్ట విప్పుతున్నాడు. "ఏందక్కా ఇది," అంది మెల్లగా. నేను చంటిదాన్ని మరో చంకకు మార్చుకున్నాను. ఆమె లోపలి సారు వైపు ఒకసారి చూసి, గేటుకు అడ్డం తప్పుకుంది. పిల్లలిద్దరూ లోపలికి పోయారు.

నేను వంటగదిలోకి పోయి, చంటిదాన్ని బియ్యం సంచుల పక్కన కూర్చోబెట్టి, దాని చేతికో గరిటె ఇచ్చి, పొయ్యి ముట్టించాను.