ఎడమ మలుపులో ఒరిగిన బండి

ప్రొద్దుటూరులో నాకు కార్ల షెడ్డు ఉంది. ఒక ఎండాకాలం జమ్మలమడుగు నుంచి ఒకాయన పెద్ద విదేశీ కారు తెచ్చాడు. కువైట్‌లో చాలా ఏళ్లు డ్రైవరుగా చేసి, తిరిగొచ్చాక అక్కడ తోలినలాంటిదే పాతది కొనుక్కున్నాడు. వెనక సీట్లో దిండ్ల మధ్య ఆయన భార్య ఉంది. ఆమెకు క్యాన్సర్, ఎముకలకు పాకింది. వైద్యానికి ప్రొద్దుటూరు తీసుకొచ్చినప్పుడల్లా మలుపుల్లో బండి ఒరిగి, ఆమె నొప్పితో అల్లాడిపోతోందట.

"నిదానంగానే తోల్తాండానప్పా. అయినా ఒరుగుతాంది," అన్నాడు.

మలుపు తిరిగేటప్పుడు ఆయిల్ ఒత్తిడితో ఒక కడ్డీని మెలితిప్పి బండిని సమంగా నిలబెట్టే ఏర్పాటు ఆ కార్లో ఉంటుంది. టైర్లలో గాలి, షాకబ్జార్లు, జాయింట్లు చూశాను. బాగానే ఉన్నాయి. బండి కంప్యూటరుకు తగిలించే స్కానర్ కూడా ఏ తప్పూ చూపలేదు. రోడ్డు మీద తోలి చూడాలన్నాను. ఆమెను షెడ్డులో పడుకోబెడదామంటే, దిగి ఎక్కడమే ఎక్కువ బాధ అంది. సరే అని స్కానర్ ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చున్నాను. ఆయన తోలాడు.

కొంత దూరం పోయాక ఆమే చెప్పింది. "కుడికి తిరిగితే ఏం కాదు నాయనా. ఎడమకు తిరిగినప్పుడే నన్ను తలుపు మీదికి తోస్తాంది."

అది నిజమో కాదో తేలాలంటే ఇంకో ఎడమ మలుపు తిరగాలి. వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాను. ఆమెకు అర్థమైంది.

"తిప్పమను. నేను పట్టుకుంటాలే," అంది.

ఆయన తిప్పాడు. స్కానర్ స్క్రీన్ మీద ముందు చక్రాల కడ్డీ ఒత్తిడి పడిపోయింది. ఆమె కొంగు పళ్ల మధ్య బిగించి పట్టింది. కడ్డీని తిప్పే మోటారు లోపల ఆయిల్‌ను ఆపే సీలు అరిగిపోయి, ఒక వైపే ఆయిల్ జారిపోతోందని తేలింది.

మోటారు చెన్నై నుంచి రావాలి. అది రావడానికి వారాలు పట్టింది. వచ్చిందని ఫోన్ చేస్తే వాళ్ల కూతురు ఎత్తింది. వాళ్లమ్మ కిందటి శుక్రవారమే చనిపోయిందని చెప్పింది.

ఇక ఆ బండి రాదనుకున్నాను. నెల తిరక్కుండా ఆయనే తెచ్చాడు. మోటారు వేసెయ్యమన్నాడు. పని అయ్యాక తాళాలు నా చేతికిచ్చి, వెనక సీట్లో ఆమె కూర్చున్న చోటే కూర్చున్నాడు. జమ్మలమడుగు దారి పట్టాను. ఎడమ మలుపులో బండి కొంచెం కూడా ఒరగలేదు.

"మలుపు వచ్చినట్టే తెలీలేదప్పా," అన్నాడు. తర్వాత ఏడ్చాడు. రోడ్డు పక్కన ఆపి, ఆయన తేరుకునేదాకా కిటికీ బయటికి చూస్తూ ఉండిపోయాను.

జమ్మలమడుగులో ఇంటి దగ్గర వాళ్ల కూతురు టీ ఇచ్చింది. తాగి ప్రొద్దుటూరు బస్సెక్కాను.