అన్నం గిన్నెకి ఎర్ర ట్యాగ్

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజులు. నాన్న భిలాయ్ ప్లాంటులో ఎలక్ట్రీషియన్. అక్కడ మరమ్మతుకి ముందు స్విచ్చుకి ఎర్ర ట్యాగ్ కడతారు. కట్టినవాళ్లే దాన్ని విప్పాలి, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఇంట్లోనూ ఆయనది అదే చట్టం.

వైరస్ పట్టిన కంప్యూటర్లో విండోస్ మళ్లీ ఎక్కించిన ఆదివారం, మానిటర్‌కి ఎర్ర అట్టముక్క కట్టి, హార్డ్ డిస్క్‌ని వాటాలు వేశాడు. సి డ్రైవ్ విండోస్‌కి, డి తనకి, ఇ అక్కకి, ఎఫ్ నాకు.

"మరి నాకేటి?" అంది అమ్మ.

"నువ్వు ముట్టుకోవు కదా, నీకెందుకే?"

మర్నాడు ట్యాగ్ విప్పడం మరిచిపోయి ఫస్ట్ షిఫ్టుకి వెళ్లిపోయాడు. మాకేమో సెలవులు, గేముల పిచ్చి.

"ఖోల్ దో నా, మమ్మీ!" అని ట్యాగ్ విప్పమంటూ అక్క బతిమాలింది.

"కట్టినోలే విప్పాల. మీ నాన్న రూలే కదేటి?"

మధ్యాహ్నం నాన్న ఆకలితో వచ్చేసరికి అన్నం గిన్నె మూతకి ఇంకో ఎర్ర అట్టముక్క వేలాడుతోంది. దాన్ని చూశాడు గానీ చెయ్యి వేయలేదు. వెళ్లి మానిటర్ ట్యాగ్ విప్పి, కంప్యూటర్ ముందు కూర్చుని, తన వాటాని రెండుగా కోసి అమ్మకి జి డ్రైవ్ ఇచ్చాడు.

అప్పుడు తన ట్యాగ్ విప్పింది అమ్మ. ఆ కంప్యూటర్ ఉన్నన్నాళ్లూ జి డ్రైవ్‌లో ఆవిడ ఏమీ పెట్టలేదు, మమ్మల్ని ఒక్క పాటైనా పెట్టనివ్వలేదు.