ఇంట్లో ఇంకో జీతం

ఆ బుధవారం తెల్లవారినప్పటి నుంచీ తుప్పర పడుతూనే ఉంది. బిస్సమ్ కటక్ దాటాక మడిలోకి ఒరిగిపోయిన ట్రాక్టరు ఒకటి చూడ్డానికి వెళ్లాను. ముందు ఇరుసు విరిగింది, రేడియేటరు నలిగింది. ఫొటోలు తీశాను. చాసిస్ నంబరు మీద తడి తుడిచి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకుంటుంటే ఫోను మోగింది. రాయగడ నుంచి గ్యారేజీ మేస్త్రి.

"అమ్మా, సర్వేయరు బాబు పోయేరు. పొద్దున్న ఆరింటికి. గుండెపోటంట."

చేతిలో కాగితం తడిసిపోయింది. ఇంకో కాగితం తీసి మళ్లీ అచ్చు తీశాను. ట్రాక్టరు యజమాని చేత సంతకం పెట్టించుకుని అప్పుడు బయల్దేరాను. పని సగంలో వదిలేసి వచ్చానని తెలిస్తే ఆయన ఊరుకునే మనిషి కాదు.

ఆయన నాకు పని నేర్పిన గురువు. బీమా కంపెనీలు పంపితే వెళ్లి, విరిగిన బండినో కాలిన కొట్టునో చూసి, నష్టం ఇంత అని రాసిచ్చే సర్వేయరు. ముప్పై ఏళ్లకు పైగా ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఆ పనే చేశారు. ఈ పనికి నెల జీతం ఉండదు. సర్వేకి ఇంత అని ఫీజు. అదీ కంపెనీ పిలిస్తేనే.

మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు నేను ప్రైవేటు ఐటీఐలో ఇన్‌స్ట్రక్టర్‌ని. మెకానికల్ డిప్లొమా చేశాను. విశాఖపట్నంలో కోచింగు వాళ్లు ఇచ్చిన కరపత్రం పట్టుకెళ్లాను. సర్వేయరు నెలకి ఎంత సంపాదిస్తాడో అందులో పెద్ద అక్షరాలతో వేశారు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండు వైపులా చదివారు.

"ఇది రాసినోడు సర్వేలు సేస్తన్నాడా, కోచింగు నడుపుతన్నాడా?"

"కోచింగే సార్."

"మరదీ," అని కరపత్రం మడిచి నా చేతిలో పెట్టారు. "ఇంట్లో ఇంకో జీతం ఉందేటమ్మి?"

నాకు కోపం వచ్చింది. డిప్లొమాలో మార్కులు ఎన్నని అడగలేదు, లారీ ఇంజను గురించి ఏం తెలుసని అడగలేదు. మా అమ్మ మునిసిపాలిటీలో రోడ్లు ఊడుస్తుందని చెప్పాను.

"పర్మనెంటా?"

"పర్మనెంటే."

"ఇంకెన్నేళ్లు సర్వీసున్నాది?"

"అయిదేళ్లు."

"అయితే నీకు అయిదేళ్లున్నాయి. ఒకేడు నా దగ్గర నేర్సుకోడానికి పోద్ది. రెండేళ్లు పెట్రోలు కర్సు ఎల్లితే గొప్ప. ఆ తరవాత రెండేళ్లలో తేలిపోవాల, ఇది నీకు అన్నం పెడతాదో లేదో."

ఎవరొచ్చినా అదే ప్రశ్న అడిగేవారట. నాకు ముందు వచ్చిన ఇద్దరిలో ఒకతను ఆ ప్రశ్నకే లేచి వెళ్లిపోయాడు. రెండో అతను ఏడాది ఉండి, కొరాపుట్ దగ్గరి జయపూర్‌లో బండ్ల షోరూములో జీతానికి కుదిరాడు. "తెలివైనోడు," అనేవారు ఆయన. అందులో వెటకారం ఉండేది కాదు.

పనిలో ఆయనకి కొన్ని పట్టింపులు ఉండేవి. సర్వేకి వెళ్లిన చోట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేవారు కారు. చిన్న స్టీలు క్యారేజీలో అన్నం, ఒక సీసాలో నీళ్లు ఇంటి నుంచే తెచ్చుకునేవారు. ఒకసారి బొయిపరిగుడ సంత రోజున, కొండదారి ఘాటీలో బోల్తా కొట్టిన పికప్ చూడ్డానికి వెళ్లాం. బండి యజమాని టీ తెప్పించాడు. ఈయన వద్దన్నారు. అక్కడ పనిచేసే తెలుగు మెకానిక్కుకి ఒళ్లు మండింది.

"ఏటి బాబూ, మా టీలో విషం కలిపేమేటి?"

"విషం కలిపితే ఆ క్లెయిము కూడా నేనే రాయాల కదరా. నాకెందుకు రెండు పనులు?"

అందరూ నవ్వారు. యజమాని కూడా నవ్వాడు. తిరుగు బస్సులో నాతో అన్నారు: "టీ తాగితే డోరుకి సొట్ట కొంచెం పెద్దదిగా కనపడతాదమ్మి. అది మన తప్పు కాదు, టీ తప్పూ కాదు. మనుషులం కదా."

బండి యజమానికి తక్కువ రాస్తామని అనుమానం, కంపెనీకి ఎక్కువ రాస్తామని అనుమానం. ఇద్దరూ సమానంగా తిడితే రిపోర్టు సరిగ్గా ఉన్నట్టే అనేవారు.

ఐటీఐ మానేసి ఏడాది ఆయన దగ్గర నేర్చుకుని, సర్వేయరు లైసెన్సు తెచ్చుకున్నాక నేనొక తప్పు చేశాను. మొదటి శ్రావణంలో వానలు గట్టిగా పడ్డాయి. ఘాటీ రోడ్లన్నీ జారుడు. ఆ ఒక్క నెలలో నాకు పదకొండు సర్వేలు వచ్చాయి. పదకొండుని పన్నెండు నెలలతో హెచ్చవేసుకుని, వాయిదాల మీద స్కూటీ కొన్నాను. చూపించడానికి వాళ్లింటికి వెళ్లాను. ఆయన బాగుందని బ్రేకులు నొక్కి చూశారు. ఏ లెక్కన కొన్నానో విన్నాక మెట్ల మీద కూలబడ్డారు.

"వానాకాలం పంట సూసి ఏడాదంతా బియ్యం కొనుక్కోనక్కర్లేదనుకున్నట్టుంది. మార్గశిరంలో రోడ్లు ఎండిపోతాయి. డ్రైవర్లు నిదానంగా తోలతారు. అప్పుడేటి సేస్తావు, ఎవడి లారీ పల్టీ కొడతాదా అని మొక్కుకుంటావా?"

డిసెంబరులో రెండే వచ్చాయి. శ్రావణంలో చేసిన పనికి ఫీజు సంక్రాంతి దాటాక గాని అందలేదు. స్కూటీ వాయిదాలు అమ్మ కట్టింది. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆయనే అన్నారు: "బిల్లు పంపిన రోజు సంపాదించినట్టు కాదు. సేతికొచ్చిన రోజూ కాదు. కర్సులు పోగా మిగిల్తే, అప్పుడు."

ఆ తరవాత ఇంకో మార్పు వచ్చింది. చిన్న దెబ్బలకి మనిషిని పంపడం కంపెనీలు తగ్గించాయి. గ్యారేజీవాళ్లే ఫోనులో ఫొటోలు పెడితే అక్కడెక్కడో కూర్చుని లెక్క కడుతున్నారు. పెద్ద నష్టాలు పాతవాళ్లకి వెళ్తాయి. మాలాంటి కొత్తవాళ్లు బతికేది ఆ చిన్న దెబ్బల మీదే. ఆయన తనకొచ్చిన పనికి నన్ను తోడు తీసుకెళ్లి, ఫీజులో సగం ఇవ్వబోయేవారు. రెండుసార్లు తీసుకున్నాను. మూడోసారి వద్దన్నాను.

అయిదేళ్లూ గడిచాయి. ఆ నెలాఖరుకి అమ్మ రిటైరవ్వాలి. ఐటీఐ వాళ్లు నన్ను మళ్లీ రమ్మన్నారు. శనివారంలోగా చెప్పాలి, సోమవారం చేరాలి. ఆ మాట ఆయనకి, పోవడానికి రెండు రోజుల ముందు సోమవారం, ఫోను చేసి చెప్పాను.

"శుక్రవారం రా. మాటాడుకుందాం," అన్నారు.

శుక్రవారమే మట్టి చేశారు. కూతురు సూరత్ నుంచి వచ్చేదాకా ఆగారు.

ఇంటి ముందు టార్పాలిన్ కట్టారు. చర్చివాళ్లు, గ్యారేజీవాళ్లు, ఇద్దరు లారీ ఓనర్లు ఉన్నారు. ఆయన భార్య లోపల మంచం మీద కూర్చుని ఉన్నారు. నర్సుగా చేసి రిటైరయ్యారు. నన్ను చూసి పక్కన చోటిచ్చారు.

"ఆరేళ్లు నా జీతం మీదే తిన్నామమ్మి," అన్నారు. "పెళ్లయిన కొత్తలో. వచ్చినోళ్లందరికీ ఆయనే సెప్పీసేవోరు, సిగ్గు పడకుండా. నీకు సెప్పలేదేటి?"

"లేదమ్మగారూ."

"సెప్పరు. సెప్తే నువ్వు ఎల్లిపోతావని బెంగ." చీర కొంగుతో మెడ తుడుచుకున్నారు. "సోమవారం నీ ఫోనొచ్చింది కదా. ఆ రాత్రి అన్నం ముందు కూకుని అన్నారు, ఆ అమ్మికి ఎల్లిపొమ్మని సెప్పాల, అదే నిజం, కానీ నేను సెప్పలేనే, నువ్వు సెప్పు అని. నేను కసిరేను. మీరు నేర్పిన పని, మీరే సెప్పండి అన్నాను."



"మరింక నేనే సెప్పాల," అన్నారు ఆవిడ. "ఎల్లిపోమ్మా. మీ అమ్మ ఒళ్లు అలిసిపోయింది."

బయట పాట మొదలైంది. ఆవిడకి చెప్పులు అందించాను.

సమాధుల దొడ్డిలో వానకి మట్టి బరువెక్కి ఉంది. పారలు లాగడానికి గ్యారేజీవాళ్లే సాయం పట్టారు. పని అయ్యాక మేస్త్రి చేతులు గడ్డికి తుడుచుకుని, "ఇంక మా దగ్గరికి ఎవరొస్తారమ్మా?" అని అడిగాడు. తెలీదన్నాను.

శనివారం ట్రాక్టరు రిపోర్టు పూర్తి చేసి పంపాను. ఇకమీదట నాకు పని కేటాయించవద్దని నన్ను పిలిచే రెండు బీమా ఆఫీసులకీ రాశాను. ఆదివారం సాయంత్రం బండికి ఆయన కూతురు సూరత్ వెళ్లిపోయింది. సోమవారం ఎనిమిదిన్నరకి నేను ఐటీఐలో చేరాను. నెలాఖరున, గురువారం, మధ్యాహ్నం రెండింటికి మా అమ్మ చీపురు అప్పజెప్పి ఇంటికి వచ్చింది.