కెమిస్ట్రీ వదిలేసిన ఏడు

“ఆ కెమిస్ట్రీ ఎందుకు వదిలేశావే అని అడుగుతుంటే నోరు పెగలదేం?”

“చెప్పాగా అమ్మా. హార్డ్‌గా ఉంది, డ్రాప్ చేశా. దట్స్ ఇట్.”

“హార్డట! స్కూల్లో కెమిస్ట్రీ ప్రైజు తెచ్చుకున్నదానికి హార్డట! రేపటితో డెడ్‌లైన్. మార్కులు ఎందుకు తగ్గాయో రాయమని మెడికల్ కాలేజీ వాళ్ళే జాగా ఇచ్చి మరీ అడుగుతుంటే అదే రాస్తావా?”

“ఏమీ రాయను. బ్లాంక్‌గా వదిలేస్తా.”

“వదిలేస్తే బద్ధకం అనుకుంటారు.”

“అనుకోనీ. ఇట్స్ మై అప్లికేషన్.”

“నీదేలే తల్లీ! సీటు రాకపోతే ఏడ్చేది మాత్రం నా ఒళ్ళో.”

కెనడాలో, గ్వెల్ఫ్ అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో, ఆ సాయంత్రం వంటింటి బల్లకి అటు తల్లి, ఇటు కూతురు నిలబడి ఇలా వాదులాడుకుంటుంటే నేను సింకు దగ్గర ఖాళీ అయిన ప్లాస్టిక్ సంచులు కడిగి ఆరబెడుతున్నాను. పనికొచ్చేది పారేయడానికి నాకు ఈనాటికీ మనసొప్పదు. అల్లుడుగారు హాల్లో టీవీ సౌండు తగ్గించి, వినీ విననట్టు కూర్చున్నారు. ఆ పిల్ల మొండితనానికి కారణం ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. తెలిసి మెదలకుండా ఉన్నా కొంత నయంగా ఉండేది. “అమ్మ అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పడం నేర్చుకో” అని నేనూ ఒక మాట కలిపాను. నా మనవరాలు తల తిప్పి నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ‘చెప్పేయనా అమ్మమ్మా’ అని అడిగినట్టుంది, అంతే. నీళ్ళు ఒక్క చుక్క వృథా చేయని మనిషిని, కుళాయి ఇంకా పెద్దగా తిప్పి సంచుల వైపు తిరిగిపోయాను.

మొన్న బీపీ చూపించుకోవడానికి క్లినిక్‌కి వెళితే అక్కడ గోడమీద రకరకాల లిపుల మధ్య మన తెలుగు కనిపించింది, మీ భాష తెలిసిన మనిషి కావాలంటే అడగండి అని. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, కూడబలుక్కుని అది చదివేసరికి ఏళ్ళ కిందటి ఆ సాయంత్రపు వాదులాట చెవుల్లో మొదలైంది. నర్సు నా పేరు పిలిచినా వినపడలేదు.

నా ఈడు ఆడవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. పిల్లల్ని కని, బిందెలు మోసి, ఒళ్ళు అలిసిపోయాక గర్భసంచి కిందికి జారుతుంది. మనలో చాలామందికి జారింది, ఒకరికొకరం చెప్పుకోలేదు. నేనూ ఏళ్ళ తరబడి నడుంనొప్పి అని పైకి చెబుతూ, బట్ట బిగించి కట్టుకుని నెట్టుకొచ్చాను. కెనడా చలికి దగ్గు పట్టుకున్నాక ఇక ఆగలేదు. మా అమ్మాయికి చెబితే టొరంటోలో ఉద్యోగానికి సెలవు పెట్టి కూర్చుంటుంది, అదొక దండగ. పైగా మొగుడికి చెప్పకుండా ఉండదు. అల్లుడి ఎదుట కుర్చీలో కూడా కూర్చోని మనిషిని, నా ఒంట్లో ఏం జారిందో ఆయనకి తెలిశాక మళ్ళీ ఆయనకి కాఫీ ఎలా అందించను? అందుకని ఊళ్ళోనే యూనివర్సిటీలో అప్పుడు రెండో ఏడు చదువుతున్న మనవరాలిని పట్టుకున్నాను. చేతిలో చెయ్యి వేయించుకుని, ఎవరికీ చెప్పనని నా మీద ఒట్టు పెట్టించుకున్నాను. ఇక్కడ పుట్టిన పిల్ల, ఒట్లంటే నవ్వుతుంది. అయినా పెట్టింది.

ఆస్పత్రిలో తెలుగు మనిషిని ఫోన్లో కలుపుతామన్నారు, అందుకు ఖర్చు కూడా లేదన్నారు. కలిపారు. “నమస్కారమండీ, చెప్పండమ్మా” అని ఒక మగగొంతు వినపడేసరికి నేను ఆ ఫోను బల్లమీద బోర్లించేశాను. ఆ రోజుల్లో గ్వెల్ఫ్ నిండా మన పిల్లలే. తెలంగాణ నుంచీ ఆంధ్రా నుంచీ చదువుకోవడానికి వచ్చినవాళ్ళు, బస్సులో, కాఫీ కొట్లో, కూరగాయల కౌంటర్లో ఎటు చూసినా వాళ్ళే. అంతకుముందు బస్సులో మనం తెలుగులో ఏం మాట్లాడుకున్నా పక్కవాళ్ళకి తెలిసేది కాదు. ఇప్పుడు వెనక సీట్లోంచి “అమ్మమ్మా, మీరు ఏ ఊరోళ్లు?” అని పలకరించేవాళ్ళు. వాళ్ళని చూస్తే ప్రాణం లేచొచ్చేది, గుండె దడగానూ ఉండేది. ఆ ఫోన్లో గొంతు వీళ్ళలో ఎవరిదో! మనవరాలు పక్కన ఉంటే తప్ప నోరు విప్పనని పట్టుబట్టాను.

ఈ జబ్బు చూసే డాక్టరమ్మ వచ్చేది వారంలో ఒక్క రోజు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే మనవరాలికి కెమిస్ట్రీ లాబ్. ఆపరేషన్ అక్కర్లేదు, లోపల రబ్బరు రింగు పెడితే చాలన్నారు గానీ, నాకు సరిపడే సైజు కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ రమ్మన్నారు, కుదిరాక కూడా కొన్ని నెలలకోసారి మార్చుకోవాలన్నారు. “అమ్మమ్మా, ఈ వీక్ కూడా లాబ్ మిస్ అయితే కష్టం” అంటే, “ఒక్క పూటకి ఏం కొంప మునుగుతుందే, పరీక్ష బాగా రాసుకో” అన్నాను. మా వైపు అంతేగా మరి. ఒక రోజున వెళ్ళి పరీక్ష రాస్తారు, ర్యాంకు వస్తుంది, ర్యాంకుని బట్టి సీటు. నాకు తెలిసిన లోకం అది.

ఇక్కడ అది కాదని, అప్లికేషన్ నింపుకునే రోజుల్లో నా పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తూ అదే చెప్పింది. కాలేజీ కాలేజీకి ఒక పద్ధతి. ఒకరు అన్నేళ్ళ మార్కులూ కలిపి చూస్తారు, ఒకరు చివరి రెండేళ్ళకే విలువిస్తారు. ఇంకొకరు బాగా తక్కువ వచ్చినవాటిని తీసేసి తతిమ్మావే లెక్కపెడతారు, అయితే ఆ దయ కావాలంటే ఏటా నిండా కోర్సులు చదివి ఉండాలి. మధ్యలో ఒకటి వదిలేస్తే వదిలేసినట్టు మార్కుల పత్రంలో పడుతుంది. సీట్లిచ్చే కమిటీలో కూర్చున్నవాళ్ళు అది చూసి, ఎందుకు వదిలేశావమ్మా, ఏదైనా కారణం ఉంటే చెప్పు అంటారు. ఇంట్లో జబ్బులుంటే చెప్పుకోవచ్చట, చెప్పినవాళ్ళని తక్కువగా చూడరట. అంత పెద్ద చదువు ఇచ్చేవాళ్ళు ఒక పిల్లని పట్టుకుని ఎందుకు తగ్గాయని అడగడం నాకు వింతగా తోచింది. నా బడి ఎందుకాగిందని నన్నెవరూ అడగలేదు. “మరి నువ్వు వదిలేసింది ఏ ఏడు?” అన్నాను. అది గిన్నెలోకి చూస్తూ “సెకండ్ ఇయర్” అంది. నేను గిన్నె దగ్గరికి లాక్కుని మిగిలిన కాయలు ఒలిచాను. బఠాణీలు అయిపోయాయి.

అప్పటిదాకా నాకు ఒంటి గురించిన సిగ్గు ఒక్కటే తెలుసు. ఆ సాయంత్రం సింకు దగ్గర, నా కోసం ఆ పిల్ల బద్ధకస్తురాలనిపించుకుంటుంటే వింటూ నిలబడ్డప్పుడు పట్టుకున్నది వేరు. అది కొంగు కప్పుకుంటే పోయేది కాదు.

సీటు సంగతి కూడా చెప్పేస్తాను, మీరు దానికోసం ఎదురుచూడకుండా. ఆ ఏడు ఎక్కడా రాలేదు. మరుసటి ఏడు మళ్ళీ అప్లై చేసి ఎడ్మంటన్‌లో చేరింది. కారణం రాసినందుకు వచ్చిందో, రాయకున్నా వచ్చేదో, అసలు నా వల్లే ఒక ఏడు వెనకబడిందో నాకు తెలియదు. ఎందుకని అంత శ్రద్ధగా అడిగే ఆ కమిటీవాళ్ళు, తీసుకున్నామనో లేదనో అంటారే తప్ప తాము ఎందుకన్నది చెప్పరు.

ఇప్పుడు మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న ఆడపిల్లలు “పీరియడ్స్ అమ్మమ్మా, కొంచెం అల్లం టీ ఇస్తారా?” అని మెట్ల మీంచి కేకేస్తారు, అల్లుడుగారు ఇంట్లో ఉన్నా సరే. మొదట్లో నాకు చెవులు మూసుకోవాలనిపించేది. ఇప్పుడు అల్లం దంచుతూ, మా రోజుల్లో మాలో ఒక్కరికైనా ఆ గొంతు ఉండి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటాను. బస్సుల్లో మన పిల్లలు కూడా పలచబడ్డారు. నా ఊరేదని అడిగేవాళ్ళు తక్కువ. ఒకప్పుడు ఎవరి చెవిన పడుతుందోనని భయపడ్డ మాటలు, ఈమధ్య వినే చెవి లేక నాలోనే ఉండిపోతున్నాయి.

ఆ వాదులాట మర్నాడు ఉదయం జరిగింది మాత్రం ఇది.

అల్లుడుగారు డ్యూటీకి వెళ్ళేముందు టీ తాగుతున్నారు. నేను వెళ్ళి ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన కంగారుగా లేవబోతూ “ఏమైంది అత్తయ్యగారూ?” అన్నారు. “కూర్చోండి బాబూ” అని, తల వంచుకునే మొత్తం చెప్పాను, గర్భసంచి అన్న మాటతో సహా. ఆయన కప్పు పక్కన పెట్టి, మెట్ల వైపు తిరిగి, “అమ్మలూ, లాప్‌టాప్ తీసుకుని కిందికి రా” అని పిలిచారు.

మనవరాలు నా పక్కన కూర్చుని టైపు చేసింది. “ఫ్యామిలీలో మెడికల్ ఇష్యూ అంటే చాలు అమ్మమ్మా, డీటెయిల్స్ అక్కర్లేదు” అంది. “అడిగారుగా ఎందుకని. జబ్బు పేరు పెట్టి రాయి. ఫోన్లో మనిషిని నేనే వద్దన్నానని కూడా రాయి” అన్నాను. రాసి, నాకు తెలుగులో చెప్పి, పంపించేసింది.

మా అమ్మాయి గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆఫీసు బ్యాగు కుర్చీలో పెట్టి, ఆస్పత్రికి మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలని కూతుర్ని అడిగింది, నన్ను కాదు. “నెక్స్ట్ ట్యూజ్‌డే, రింగు మార్చాలి” అంది అది. మా అమ్మాయి ఫోను తీసి, మంగళవారం రానని ఆఫీసుకి చెప్పింది.