ఫ్లెక్సీ మీది పేరు

అమీర్‌పేటలో ఇన్‌స్టిట్యూట్ పేరు ఎవరికీ అక్కర్లేదు, ఫ్లెక్సీ మీద సార్ పేరే చూస్తారు. ఒరాకిల్ డేటాబేస్ నేర్చుకోవాలంటే ఏడేళ్లుగా అందరూ వెతికిన పేరు విజయేందర్. ఆ పేరు మోసిన మనిషికి మాత్రం అది తనదని ఎన్నడూ అనిపించలేదు. పుట్టినప్పుడు ఒళ్లు చూసి మగపిల్లాడన్నారు, మీసాలొచ్చాక మగాడన్నారు. తాను ఆడమనిషినని ఆమెకు పదేళ్లకే తెలుసు. పైకి చెప్పడానికి ఇంకో ఇరవై రెండేళ్లు పట్టింది. తల్లి సత్తెమ్మ రెండు నెలలు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు తన బీరువాలోంచి నేత చీర తీసి ఒళ్లో పడేసి, "కుచ్చిళ్లు సక్కగ వెట్టుకో సుష్మితా" అంది.

2015 జూన్‌లో, ఆరు నెలల సెలవు తర్వాత, ఆ చీరలోనే సుష్మిత ఇన్‌స్టిట్యూట్‌లో అడుగుపెట్టింది. ఓనరు వీరవెంకటసత్యనారాయణ గారు కాఫీ తెప్పించారు. మంచి మనిషే, తన వ్యాపారం జోలికి ఎవరూ రానంతవరకు.

"మీ ఇష్టం మీదండి, నేనేం కాదనను. ఫ్లెక్సీ మీద మాత్రం పాత పేరే ఉండనివ్వండి. పిల్లలు అది చూసే వస్తారు కదా."

"పేరు జూసి వస్తరు సార్, పాఠం విని ఉంటరు. నా పేరు వెట్టుండ్రి, లేకుంటె నేను చెప్పను."

ఆయన సరేనన్నారు. సోమవారం పొద్దున ఏడింటికి ఉచిత డెమో క్లాసు. వచ్చి చూస్తే గుమ్మం పైన ఫ్లెక్సీలో అదే విజయేందర్ పేరు, ఫొటోలో అవే మీసాలు. సుష్మితకు ఒళ్లు మండిపోయింది. వెనక్కి తిరిగి పోదామనుకుంది. తాను పోతే ఈ వీధిలో మిగిలేది ఆ మీసాలేనని తోచి, లోపలికి నడిచింది.

లోపల అరవై మంది కూర్చున్నారు. ముందు వరుసలో ఒక అమ్మాయి, "మేడమ్, విజయేందర్ సార్ ఎప్పుడొస్తరు?" అని అడిగింది.

"రాడు. ఏడేండ్లు ఆ పేరుతోటి చెప్పింది నేనే. నేను పుట్టినప్పుడు నా ఒంటిని జూసి డాక్టరు మగ అని రాసిండు. ఆయనకు కనవడ్డది గంతే. నేనెవరో నాకు తెలుసు. నా పేరు సుష్మిత. నచ్చనోళ్లు ఇప్పుడే లేవుండ్రి, పాఠం నడుమ లేస్తె నాకు కోపమొస్తది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఇరవై మంది దాకా లేచి వెళ్లిపోయారు. ఆమె మార్కర్ తీసి బోర్డు మీద రెండు డేటా టేబుళ్లు గీసి, వాటిని కలపడమెలాగో మొదలుపెట్టింది. పది నిమిషాలకు నవ్వులు ఆగి పెన్నులు కదిలాయి.

అప్పుడు సత్యనారాయణ గారు గుమ్మంలో నిలబడి, బయటికి రమ్మని సైగ చేశారు.

"క్లాసు నడుస్తుంటె గుమ్మంల నిలవడొద్దు సార్," అంది సుష్మిత. "పోతె పోండ్రి, లేకుంటె కూసోండ్రి."

ఈ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయనతో అలా ఎవరూ మాట్లాడలేదు. ఆయన ముఖం ఎర్రబడింది. ఏదో గట్టిగా అనడం మొదలుపెట్టారు. అంతలో ముందు వరుసలోని అమ్మాయి విసుగ్గా వెనక్కి తిరిగింది.

"జర కూసోండ్రి సార్. సుష్మిత మేడమ్ చెప్పేది వినవడ్తలేదు."

ఆయన కూర్చున్నారు.